లీ రిచ్‌మండ్ రూస్: నాలుగు పౌండ్ల ఆటలో 31 పౌండ్ల రైలు

మ్యాచ్ వేళకి బర్మింగ్‌హామ్ చేరాలి. లండన్‌లో రైలు తప్పిపోయింది. ఇంకొకడైతే నెత్తిన చెయ్యి పెట్టుకుని ప్లాట్‌ఫాం మీదే కూర్చుండిపోయేవాడు. ఇంగ్లండ్‌లోని స్టోక్ ఫుట్‌బాల్ క్లబ్బు గోల్‌కీపర్ లీ రిచ్‌మండ్ రూస్ మాత్రం తనొక్కడి కోసం ప్రత్యేకంగా రైలు మాట్లాడుకుని వెళ్లాడనీ, 31 పౌండ్ల బిల్లు క్లబ్బుకి పంపాడనీ బ్రిటిష్ ఫుట్‌బాల్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు, నవ్వుకుంటారు. నాకు ఆ అంకె పక్కన ఇంకో అంకె కనిపిస్తుంది. 1901 నుంచి ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్ ఆటగాడి జీతం వారానికి నాలుగు పౌండ్లు దాటకూడదు. ఎంతటి మొనగాడైనా సరే, అంతే. అంటే రూస్ ఒక్క ప్రయాణానికి పెట్టిన ఖర్చు వాళ్ల ఎనిమిది వారాల జీతంతో దాదాపు సమానం.

రూస్‌కి అసలు జీతమే లేదు. కాగితాల మీద అతను అమెచ్యూర్, అంటే సరదా కోసం ఆడేవాడు. డబ్బు ముట్టుకోకూడదు, ఖర్చులు మాత్రం రాబట్టుకోవచ్చు. టీఏ బిల్లులు రాసిన అనుభవం ఉన్నవాళ్లకి ఈ ఏర్పాటు గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకసారి పైపైన కాదు, పద్దు వారీగా లెక్క చెప్పమని నిలదీస్తే అలాగే రాసిచ్చాడట: ప్రత్యర్థుల్ని అదిలించడానికి పిస్తోలు, నాలుగు పెన్నీలు; చలికి కోటు, గ్లవ్స్, మూడు పెన్నీలు; రెండుసార్లు మరుగుదొడ్డికి, రెండు పెన్నీలు.

రూస్ పేరెత్తితే ఈ కథలే వస్తాయి. సరదా మనిషి, చిలిపివాడు, లోపలి చొక్కా ఉతికితే అదృష్టం పోతుందని నమ్మినవాడు. సరే. కానీ అంత వేళాకోళం ఆడగల వెసులుబాటు ఎవరికి ఉండేదన్న ప్రశ్న ఎవరూ అడగరు. రూస్ ఆడిన వేల్స్ జాతీయ జట్టులోనే, ఇంచుమించు అదే ప్రాంతం నుంచి వచ్చిన బిల్లీ మెరిడిత్ ఉన్నాడు. పన్నెండేళ్లకే బొగ్గు గనిలో దిగినవాడు. రూస్ హోల్ట్ ఊరి పాస్టరుగారి అబ్బాయి, ఎబరిస్ట్విత్ కాలేజీలో చదివాడు, తర్వాత లండన్ కింగ్స్ కాలేజీలో వైద్యం వైపు వెళ్లాడు. 1907లో వేల్స్ మొదటిసారి బ్రిటిష్ దేశాల ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు ఇద్దరూ కలిసే ఆడారు. ఆ ఏడాది చివర్లోనే మెరిడిత్ వంటి వాళ్లు మాంచెస్టర్‌లో ఆటగాళ్ల యూనియన్ పెట్టుకోవాల్సి వచ్చింది. ఒకడికి జీతం పెంచమంటే తిరుగుబాటు, ఇంకొకడు రైలు బిల్లు పంపితే చమత్కారం. జీతం మీద పెట్టిన ఆ కట్టడి తొలగడానికి 1961 దాకా పట్టింది.

ఇలా అన్నంత మాత్రాన రూస్ ఆటని తక్కువ చేసినట్టు కాదు. అసలు విషయం అతని ఆటలోనే ఉంది.

అప్పట్లో గోల్‌కీపర్ బంతిని తన సగం మైదానంలో ఎక్కడైనా చేత్తో ముట్టుకోవచ్చు. పట్టుకుని రెండడుగులకు మించి నడవకూడదు కానీ నేలకి కొడుతూ ఎంత దూరమైనా పోవచ్చు. నిబంధన అందరికీ ఒకటే. అయినా కీపర్లు గోల్ గీతని అంటిపెట్టుకునే ఉండేవారు. బంతి చేతిలో ఉన్న కీపర్ని భుజంతో గుద్ది వలలోకి నెట్టేయడం ఆ రోజుల్లో తప్పు కాదు మరి. ఆరడుగులు దాటిన రూస్ ఆ గుద్దులకి ఎదురెళ్లేవాడు. బంతిని బాస్కెట్‌బాల్‌లా కొట్టుకుంటూ సెంటర్ లైన్ దాకా వచ్చి, అక్కణ్నుంచి ముందున్న ఫార్వర్డ్‌లకి విసిరేవాడో, తన్నేవాడో. కాపలా కాయాల్సినవాడే దాడికి తెర తీయడమన్నమాట. ఈనాటి కీపర్లు కాళ్లతో చేస్తున్న పనిని అతను చేతులతో చేశాడు. వెనక గోల్ ఖాళీగా ఉండిపోయి పరువు పోయిన రోజులూ లేకపోలేదు.

1912లో నిబంధన మార్చారు. చేతులు వాడటం ఇక గోల్ ముందు గీసిన పెట్టె, అంటే పెనాల్టీ ఏరియా లోపలే. ఇది రూస్ కోసమే తెచ్చారంటారు. అదే నిజమైతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఎందుకంటే అప్పటికే అతనికి 34 ఏళ్లు, పెద్ద స్థాయి ఆట దాదాపు ముగిసింది. వేల్స్ తరఫున 24 మ్యాచ్‌లు, స్టోక్, ఎవర్టన్, సండర్లాండ్, ఆస్టన్ విల్లా, ఆర్సెనల్ అన్నీ గతమైపోయాయి. న్యూకాసిల్ మైదానంలో 1908 డిసెంబరు 5న సండర్లాండ్ 9-1తో గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది అతనే. రెండేళ్లకి అదే మైదానంలో ఎడమ మణికట్టు విరిగింది. వచ్చిన డబ్బు అతనికే ఇచ్చేలా ఒక మ్యాచ్ పెడదామని సండర్లాండ్ అనుకుంటే ఫుట్‌బాల్ అసోసియేషన్ కుదరదంది: అమెచ్యూర్‌కి అలాంటివి వర్తించవట. ఇన్నాళ్లూ కాసిన చెట్టు ఆ ఒక్కసారి ముల్లయి గుచ్చుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మొదట సైనిక వైద్య దళంలో చేరి ఫ్రాన్స్‌లో, టర్కీలోని గల్లిపోలి వైపు పనిచేశాడు. 1916లో రాయల్ ఫ్యుసిలియర్స్ అనే కాల్బల రెజిమెంటు తొమ్మిదో బెటాలియన్‌లో చేరాడు, అదీ మామూలు సిపాయిగా. కాలేజీ చదువున్నవాళ్లు ఆఫీసర్లయ్యే కాలమది. జీవితమంతా పై తరగతి పెట్టెలో ప్రయాణించిన మనిషి ఇక్కడ అందరితో పాటు కందకంలోకి దిగడమే అతని కథలో నన్ను పట్టి నిలిపే చోటు. ఆ ఆగస్టులో జర్మన్లు మంటలు చిమ్మే యంత్రాలతో మీదపడ్డారు. బట్టలు కాలి, పొగకి ఊపిరాడక కూడా చికిత్సకి వెళ్లనన్నాడు. భుజం లేవనంత వరకూ బాంబులు విసిరి, ఆ తర్వాత రైఫిల్ అందుకున్నాడు. అతని మొదటి పోరు అదే. మిలటరీ మెడల్ వచ్చింది, లాన్స్ కార్పొరల్ అయ్యాడు. అక్టోబరు 7న ఫ్రాన్స్‌లోని సోమ్ రంగంలో గ్యూడెకూర్ దగ్గర చనిపోయాడు. వయసు 38. శవం దొరకలేదు.

సైన్యం కాగితాల్లో అతని పేరు స్పెల్లింగులో రెండో 'ఓ' పోయి 'యు' వచ్చింది. రూస్ (Roose) కాస్తా రౌజ్ (Rouse) అయ్యాడు. అతను గల్లిపోలిలోనే పోయాడని కుటుంబం చాలాకాలం అనుకుంది. సోమ్‌లో శవం దొరకని సైనికుల కోసం కట్టిన, డెబ్భై రెండు వేలకు పైగా పేర్లున్న తియెప్వాల్ స్మారకం మీద కూడా ఆ తప్పు పేరే చెక్కారు. ఆటగాడు రూస్ కోసం ఆ రాళ్ల మీద వెతికినవాళ్లకి అతను కనపడలేదు.