నలభై సెకన్ల తోపులాట, మూడు గంటల ఊరేగింపు

రోజువారీ పని గంటల పరిమితిని పెంచే బిల్లుకు వ్యతిరేకంగా కార్మిక సంఘాలు జరిపిన ఊరేగింపులో ఈ మధ్య నేను మొదటి నుంచి చివరి దాకా నడిచాను. బిల్లు మంచిచెడ్డలు పాఠకులకు తెలిసినవే కాబట్టి వాటిని ఇక్కడ ఏకరువు పెట్టను. ఆ మూడు గంటల్లో నా కళ్ళ ముందు జరిగినదానికీ, ఆ సాయంత్రం టీవీలోనూ మర్నాడు పత్రికలోనూ వచ్చినదానికీ మధ్య ఉన్న దూరం గురించే రాయదలచుకున్నాను. ఏ ఒక్క విలేఖరి నిర్లక్ష్యమో దీనికి కారణమని నేను అనుకోవడం లేదు. నిరసనను వార్తగా మార్చే పద్ధతిలోనే ఆ దూరం పుడుతోందన్నది నా వాదన.

నా ముందు వరుసలో దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె నడిచింది. అట్టపెట్టె మూత చింపి, దాని మీద చేత్తో రాసుకొచ్చింది: "నేను ఇంటికి వెళ్ళేసరికి బిడ్డ నిద్రపోతుంది. బిడ్డ లేచేసరికి నేను వెళ్ళిపోతాను." పెద్దవిగా మొదలైన అక్షరాలు చోటు చాలక చివరికి అట్ట అంచున ఇరుక్కుపోయాయి. దారి పొడవునా ఆమె ఆ అట్టను రెండు చేతులతో గుండెల దగ్గర పట్టుకునే ఉంది. మూడు టీవీ బృందాలు మమ్మల్ని దాటుకుని ముందుకు పరుగెత్తాయి. ఒక్క కెమెరా కూడా ఆమె దగ్గర ఆగలేదు. వాళ్ళు పోతున్నది బారికేడ్ల దగ్గరికి. అక్కడ ఐదారుగురు యువకులు ఇనుప బారికేడ్‌ను పట్టుకుని ఊపారు, అటువైపు నుంచి పోలీసులు నెట్టారు, సంఘం పెద్దలు వచ్చి కుర్రాళ్ళను వెనక్కి లాక్కుపోయారు. మొత్తం నలభై సెకన్లు. ఆ తర్వాత ఒక విలేఖరి సంఘ నాయకుడి ముందు మైకు పెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "ట్రాఫిక్ ఆగిపోయింది, సామాన్యులకు ఇబ్బంది కదా?" అన్నది. బిల్లు గురించిన ప్రశ్న వచ్చేలోపే లైవ్ ముగిసింది.

ఆ సాయంత్రం నేను చూసిన ఛానళ్ళన్నిటిలోనూ ఆ నలభై సెకన్ల విజువల్సే మళ్ళీ మళ్ళీ తిరిగాయి. కింద "తీవ్ర ఉద్రిక్తత" అని స్క్రోలింగ్. మర్నాటి పత్రికలో లోపలి పేజీ వార్తకు శీర్షిక తోపులాట, మొదటి పేరా తోపులాట, రెండో పేరా ట్రాఫిక్ మళ్ళింపు. పని గంటల బిల్లును ఉపసంహరించుకోవాలని నినాదాలు చేశారన్నది ఆఖరి వాక్యం. బిల్లు ఎన్ని గంటలకు అనుమతిస్తుంది, ఎవరికి వర్తిస్తుంది, అదనపు గంటలకు వేతనం ఎలా లెక్కగడతారు అన్న సంగతి ఒక్క ముక్క లేదు. నిజానికి ఆ వార్తలో వేలెత్తి చూపగల అబద్ధం కూడా ఒక్కటి లేదు. తోపులాట జరిగింది, ట్రాఫిక్ మళ్ళించారు, నినాదాలు వినిపించాయి. అయినా అది చదివినవారికి వేలమంది ఆ రోజు రోడ్డు మీదికి ఎందుకు వచ్చారో తెలియదు. ప్రతి వాక్యమూ నిజమైన వార్త మొత్తం మీద మనిషిని తప్పుదారి పట్టిస్తే, దాన్ని ఖండించడానికి పట్టు దొరకదు, సవరణ వేయమని అడగడానికి ఆధారమూ ఉండదు. నన్ను కలవరపెడుతున్నది ఇదే.

ఇది ఒక్క రోజు అనుభవం మీద కట్టిన మాట కాదని చెప్పడానికి పాత సాక్ష్యాలు చాలా ఉన్నాయి. 1968 అక్టోబరు 27న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా లండన్‌లో భారీ ప్రదర్శన జరిగింది. దానికి వారాల ముందు నుంచే అక్కడి పత్రికలు హింస జరగబోతోందని రాస్తూ వచ్చాయి. తీరా ఆ రోజు పదుల వేలమంది ప్రశాంతంగా నడిచారు; వారి నుంచి విడిపోయిన ఒక చిన్న పాయ అమెరికా రాయబార కార్యాలయం ఉన్న గ్రోవనర్ స్క్వేర్‌కు వెళ్ళి పోలీసులతో తలపడింది. మర్నాడు పత్రికల్లో ప్రముఖంగా కనిపించింది ఆ చిన్న పాయే. లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ హాలొరన్, ఫిలిప్ ఇలియట్, గ్రాహమ్ మర్డాక్ ఈ ఉదంతాన్ని కూలంకషంగా పరిశీలించి 1970లో ప్రచురించారు. హింస జరుగుతుందన్న అంచనా ముందే స్థిరపడిపోవడం వల్ల, దానికి సరిపోయే దృశ్యాలనే వెతికి తెచ్చి వార్తగా నిలబెట్టారని వారు చూపించారు. అంటే వార్తకు చట్రం ఊరేగింపు కదలకముందే తయారై ఉంది. ఆ రోజు జరిగిన పనల్లా అందులో బిగించడానికి ఒక ఫొటో సంపాదించడం.

ఇంకా వెనక్కి వెళితే 1951 షికాగో ఉదాహరణ ఉంది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పదవి నుంచి తొలగించిన జనరల్ డగ్లస్ మెకార్థర్‌కు ఆ ఏడాది ఏప్రిల్ 26న ఆ నగరం స్వాగత ఊరేగింపు ఏర్పాటు చేసింది. అది నిరసన కాకపోయినా రాజకీయ ఉద్వేగాల మధ్య జరిగిన సభే. సామాజిక శాస్త్రవేత్తలైన కర్ట్ లాంగ్, గ్లాడిస్ లాంగ్ దంపతులు దారి పొడవునా 31 మంది పరిశీలకులను నిలబెట్టి, వారు చూసినదాన్ని టీవీ ప్రసారంతో పక్కపక్కన పెట్టి పోల్చారు. టీవీలో ఎడతెగని హర్షధ్వానాలు, పోటెత్తిన జనం. వీధిలో గంటల తరబడి నిరీక్షణ, విసుగు, జనరల్ కారు దాటిపోయిన కొద్ది క్షణాల సందడి, ఇంట్లో కూర్చుని టీవీ చూసినా బాగుండేదన్న మాటలు. కెమెరా తమ వైపు తిరిగినప్పుడు చేతులూపిన వారి ఉత్సాహం నగరమంతటి ఉత్సాహంగా తెరమీదికి వచ్చింది. ఒక చోట తోపులాట కోసం వెతికిన కన్ను, ఇంకొక చోట జయజయధ్వానాల కోసం వెతికింది. రెండు చోట్లా వెతుకులాట ముందు, చూడటం తర్వాత.

దృశ్యాల వరుస మారితే ఏమవుతుందో చెప్పడానికి ఆర్గ్రీవ్ ఒక్కటి చాలు. 1984 జూన్ 18న బ్రిటన్‌లో సమ్మె చేస్తున్న గని కార్మికులకూ పోలీసులకూ ఆర్గ్రీవ్‌లో బొగ్గు నుంచి కోక్ ఇంధనం తయారుచేసే ప్లాంటు బయట పెద్ద ఘర్షణ జరిగింది. ఆ సాయంత్రం బీబీసీ వార్తల్లో కార్మికులు రాళ్ళు రువ్వడం ముందు, గుర్రాల మీద పోలీసులు దూసుకురావడం తర్వాత కనిపించాయి. అసలు వరుస తలకిందులైందన్నది కార్మికుల ఆరోపణ. ఎడిటింగ్‌లో పొరపాటున క్రమం మారిందని ఆ సంస్థ 1991లో ఒప్పుకుంది. అల్లరి అభియోగాల మీద పెట్టిన కేసులు 1985లోనే కోర్టులో కుప్పకూలాయి, 1991లో పోలీసు శాఖ 39 మంది కార్మికులకు 4,25,000 పౌండ్ల పరిహారం చెల్లించింది. ఆ ఏడేళ్ళూ దేశం మనసులో ఉండిపోయింది ఆ సాయంత్రపు వరుసే.

జనసంఖ్య విషయంలో ఎక్కువ చెప్పను, అందులో సంఘాలు కూడా నిర్దోషులు కావు. మా ఊరేగింపుకు యాభై వేలమంది వచ్చారని వేదిక మీద ప్రకటించారు. పత్రిక "వందలాది మంది" అని రాసింది. నేను ఒక దీపస్తంభం పక్కన నిలబడి లెక్కపెట్టాను. వరుసకు ఎనిమిది మంది చొప్పున నిమిషానికి సుమారు 40 వరుసలు, 35 నిమిషాలు దాటాయి. ఖాళీలు తీసేసి ఎంత తక్కువ వేసుకున్నా తొమ్మిది వేలకు తగ్గదు. ఈ పనికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు. 1960లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం అధ్యాపకుడైన హెర్బర్ట్ జేకబ్స్ తన కార్యాలయం కిటికీలోంచి విద్యార్థుల సభలను చూసి, మైదానాన్ని గడులుగా విభజించి, పలుచని గుంపులో మనిషికి పది చదరపు అడుగులు, దట్టమైన గుంపులో నాలుగున్నర అని లెక్కగట్టే పద్ధతిని రూపొందించాడు. విలేఖరి చేతిలో అరవై ఏళ్ళుగా ఉన్న పనిముట్టు అది. ఇప్పటికీ వార్తల్లో ఒకవైపు పోలీసుల అంకె, ఇంకొకవైపు నిర్వాహకుల అంకె పెట్టి చేతులు దులుపుకోవడమే నడుస్తోంది.

ఇక వార్తాసంస్థల వైపు నుంచి చెప్పే సమాధానం నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. మామూలుగా జరిగేదాన్ని వార్త అనరు, భిన్నంగా జరిగినదే వార్త. టీవీకి రెండు నిమిషాలూ పత్రికకు పావు పేజీ మించి చోటుండదు. ఒకే విలేఖరి రోజుకు నాలుగు కార్యక్రమాలకు పరుగెత్తుతాడు. ట్రాఫిక్‌లో అంబులెన్సు చిక్కుకోవడం కూడా ప్రజల సమస్యే. పైగా ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది కాబట్టి వీడియో తీసుకోదలిచినవాళ్ళను ఎవరూ ఆపడం లేదు. ఇవన్నీ నిజమే. కానీ ఫోన్ వీడియోల్లో ఎక్కువ మందికి చేరేది కూడా ఆ తోపులాటే. ఇక చోటు విషయానికొస్తే, బిల్లు ఏమంటుందో చెప్పడానికి రెండు వాక్యాలు సరిపోతాయి. తోపులాటను వర్ణించడానికి ఆ వార్తలో ఎనిమిది వాక్యాలు పట్టాయి.

నా అసలు ఆందోళన దీని తర్వాతి మెట్టు మీద ఉంది. ఇలాంటి వార్తలు చూసి ఊరేగింపులో నడిచినవాళ్ళు ఏం నేర్చుకుంటారు? ఏడ్చే పిల్లకే పాలు అన్న సామెత వాళ్ళకూ తెలుసు. తొమ్మిది వేలమంది మూడు గంటలు క్రమశిక్షణతో నడిస్తే ఒక్క వాక్యం, ఐదుగురు నలభై సెకన్లు బారికేడ్ ఊపితే శీర్షిక. వచ్చే ఊరేగింపులో ఆ ఐదుగురిని వెనక్కి లాగబోయే పెద్దమనిషికి కుర్రాళ్ళు ఏం బదులు చెబుతారో ఊహించడం కష్టం కాదు. హింసను ఖండిస్తూ సంపాదకీయాలు రాసే సంస్థలే శాంతికి ఒక ధర, రాయికి ఇంకొక ధర కడుతున్నాయి. అంతకంటే విషాదం, రాయి శీర్షికను తెస్తుంది గాని విషయాన్ని మోసుకుపోతుంది. 1960లలో అమెరికా నల్లజాతీయుల నిరసనలపై ఒమర్ వాసో 2020లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని విడమరిచి చూపింది. నిరసనకారులు అహింసాయుతంగా ఉన్నప్పుడు, అందులోనూ ప్రభుత్వమో అల్లరిమూకలో వారి మీద దాడికి దిగినప్పుడు, పత్రికల శీర్షికల్లో పౌర హక్కుల ప్రస్తావన పెరిగింది. నిరసనకారుల వైపు నుంచి హింస జరిగినప్పుడు శీర్షికలు అల్లర్ల వైపు, శాంతిభద్రతల వైపు మళ్ళాయి.

ఈ ఫలితాన్ని చాలామంది అహింసకు దక్కిన విజయంగా చదువుతారు. నాకు అందులో భయపెట్టే సంగతి ఇంకొకటి కనిపిస్తుంది. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం బయలుదేరిన సుమారు 600 మందిని ఎడ్మండ్ పెటస్ వంతెన దగ్గర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితకబాదారు. ఆ రాత్రి ఏబీసీ ఛానల్ సినిమా ప్రసారాన్ని ఆపి ఆ దృశ్యాలను చూపింది, దేశం కదిలింది, ఆగస్టు 6న ఓటు హక్కు చట్టంపై సంతకం పడింది. కానీ ఆ ఊళ్ళో నిరసనలు, అరెస్టులు అంతకు ముందు వారాల తరబడి సాగుతూనే ఉన్నాయి. అదే మనుషులు, అదే డిమాండు. దేశమంతా తెర ముందు నిశ్చేష్టమై కూర్చోవడానికి వాళ్ళ తలలు పగలవలసి వచ్చింది. అంటే శాంతియుతంగా నడిచేవాడి ముందు రెండు దారులు పెడుతున్నాం: అతనైనా కొట్టాలి, అతన్నైనా కొట్టాలి. ఎవరూ ఎవరినీ కొట్టకపోతే కెమెరాలు సర్దుకుని వెళ్ళిపోతాయి. అడగందే అమ్మయినా పెట్టదని పిల్లలకు చెబుతాం. మర్యాదగా అడిగినవాడి గొంతు వినిపించని ఏర్పాటు చేసుకుని, మర్యాదగా అడగమని పౌరులకు ఏ ముఖంతో చెబుతాం?

దీనికి చరిత్రతో ముడిపడిన ఇంకొక కోణం ఉంది, దాని మీద ఎవరూ మాట్లాడకపోవడం నాకు అర్థం కాదు. ఉద్యమాల చరిత్ర రాసే పరిశోధకులు ఏ ఏడాది ఎన్ని నిరసనలు జరిగాయో, ఎందుకు జరిగాయో తెలుసుకోవడానికి ఎక్కువగా ఆధారపడేది పాత పత్రికల మీదే. జాన్ మెకార్థీ, క్లార్క్ మెక్‌ఫెయిల్, జాకీ స్మిత్ 1996లో ప్రచురించిన పరిశోధనలో 1982, 1991 సంవత్సరాల్లో వాషింగ్టన్‌లో ప్రదర్శనలకు పోలీసులు ఇచ్చిన అనుమతి పత్రాలను వార్తలతో సరిపోల్చారు. అత్యధిక ప్రదర్శనల గురించి ప్రధాన పత్రికల్లో గాని టీవీలో గాని ఒక్క ముక్క రాలేదు. దేశ రాజధానిలోనే పరిస్థితి అది. అనుమతి పత్రం దొరకని చోట జరిగినవి, చిన్న గుంపులు చేసినవి, వాన వల్ల కెమెరా రానివి ఇక ఎవరి లెక్కలోకి వస్తాయి? పేపర్లో రాకపోవడమంటే ఒక్క రోజు పేరు పోవడం కాదు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా వెతికితే, పని గంటలు పెరిగినప్పుడు జనం నోరు మెదపలేదన్న నిర్ధారణకు వచ్చే ప్రమాదం అది.

1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో ఓటు హక్కు కోరుతూ సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో సుమారు 60 వేలమంది చేరిన సభ మీదికి అశ్వదళాన్ని తోలారు. పద్దెనిమిది మంది దాకా చనిపోయారు, వందలాది మంది గాయపడ్డారు. వేదిక దగ్గర ఉన్న లండన్ పత్రిక టైమ్స్ విలేఖరి జాన్ టైయాస్‌ను అరెస్టు చేశారు. ఆ రోజు అక్కడే ఉన్న జాన్ ఎడ్వర్డ్ టేలర్ అనే యువ వ్యాపారి, ఇక లండన్‌కు అధికారుల కథనం ఒక్కటే చేరుతుందని భయపడి, తాను చూసినదాన్ని రాసి అక్కడి పత్రికకు పంపాడు. రెండేళ్ళకు, 1821 మే 5న, అతని ఆధ్వర్యంలో మాంచెస్టర్ గార్డియన్ పత్రిక మొదటి సంచిక వెలువడింది.

టేలర్‌లా కొత్త పత్రికే పెట్టవలసిన అవసరం ఇప్పటి వార్తాగదులకు లేదు. నిరసన వార్తలో మొదటి రెండు వాక్యాలు డిమాండుకు కేటాయించడం, అంకెలు అడగకుండా లెక్కపెట్టి రాయడం, ఘర్షణ జరిగితే ఎంతమంది మధ్య, ఎంతసేపు జరిగిందో చెప్పడం, దృశ్యాలను జరిగిన వరుసలోనే చూపడం రేపటి నుంచే మొదలుపెట్టగల పనులు. వచ్చేవారం ఇంకొక ఊరేగింపు ఉంది. మొన్న సభ ముగిశాక నా ముందు నడిచిన ఆమె అట్టను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంటుంటే, ఇంకా ఎందుకని అడిగాను. అక్షరాలు చివర్లో ఇరుకైపోయాయని, ఈసారి వెనకవైపు సరిగ్గా రాసుకొస్తానని చెప్పింది.