వంక పక్కన పార్కు: మట్టి తోలితే మునిగేది ఎవరి ఇల్లు?

లేఅవుట్‌ వేసేవాళ్లు 10 శాతం స్థలం ఉమ్మడి అవసరాలకు వదలాలి. అనంతపురం చుట్టుపక్కల లేఅవుట్ల ప్లాన్లు ముందేసుకుని చూస్తే ఆ 10 శాతం ఎక్కడ తేలుతుందో ఇట్టే తెలుస్తుంది. రోడ్డు మొగానికి కాదు, వంక గట్టున. ప్లాటుగా అమ్ముడుపోని పల్లం, సర్కారు తుమ్మ అల్లుకున్న మూల పార్కు పేరుతో గిఫ్ట్‌ డీడ్‌ అయిపోతాయి. ఇందులో రియల్టర్ల లెక్క ఉన్న మాట నిజమే. అయినా పార్కుకు అదే సరైన చోటు. తప్పంతా ఆ తర్వాత చేసే పనిలో ఉంది.

ఆ పని మట్టి తోలడంతో మొదలవుతుంది. పల్లంగా ఉంది, నీళ్లు నిలుస్తాయి, రెండడుగులు లేపుదాం అంటారు. ఎకరా స్థలాన్ని రెండడుగులు లేపాలంటే దాదాపు 2,450 ఘనమీటర్ల మట్టి కావాలి. ట్రాక్టర్‌ ట్రాలీకి మూడు ఘనమీటర్లు వేసుకున్నా 800 ట్రిప్పులకు పైమాటే. వంక పొంగిన రోజు ఆ చోట ఆగాల్సింది 24 లక్షల లీటర్ల నీళ్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు దగ్గర దగ్గర అయిదు వందలు. మట్టికి చోటిచ్చాం కాబట్టి ఆ నీళ్లు వెనక వీధిలో చోటు వెతుక్కుంటాయి. తోలిన మట్టికి బిల్లు ఒకరికి వస్తుంది, తడిసిన పరుపులు ఇంకొకరు ఎండబెట్టుకుంటారు.

కరువు జిల్లాలో వరద గురించి ఇంత చర్చ దేనికని అడిగేవాళ్లున్నారు. ఇక్కడ ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. కానీ అది ఏడాది పొడవునా పంచుకుని పడదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొన్ని రోజుల్లోనే పెద్ద వాటా కురిసిపోతుంది. 2022 అక్టోబరులో అనంతపురం మధ్యగా పారే నడిమివంక పొంగి నగరంలో కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో పండమేరు వాగు వంతు వచ్చింది. వంద ఎకరాల మీద ఒక్క రాత్రిలో 100 మిల్లీమీటర్లు పడితే నాలుగు కోట్ల లీటర్లు. ఆ వంద ఎకరాలూ వేరుశనగ చేలుగా ఉన్నప్పుడు ఎర్రనేల కొంత తాగేది, గట్లు కొంత ఆపేవి. ఇప్పుడు మిద్దెలు, సిమెంటు రోడ్ల మీద పడ్డది పడ్డట్టు గంటలోపే వంకకు చేరుతోంది. వంక వెడల్పు మాత్రం పెరగలేదు, తగ్గింది.

అందుకే చుట్టూ ఉన్న రోడ్ల కంటే పార్కు పల్లంగా ఉండటమే మేలు. ఏడాదిలో నాలుగైదు రోజులు వంకది, మిగతా రోజులు మనుషులది అనుకుని గీసిన ప్లానే నిలబడుతుంది.

ప్లాన్‌ గీసేముందు వంక హద్దు తేల్చుకోవాలి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు, వంక, కాలువల హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, అంతకన్నా చిన్నవైతే రెండు మీటర్లు వదలాలి. చిక్కు ఎక్కడంటే, ఇప్పుడు కంటికి కనబడే వెడల్పును కొలిచి చిన్న వంక అనేస్తారు. రెవెన్యూ రికార్డులో వంక పోరంబోకుగా ఉన్న వెడల్పు వేరు. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసుకుని, సర్వే రాళ్ల నుంచి కొలిపించి, రెండు గట్ల మీదా కూసాలు పాతించాకే మిగతా పని. ఈ ఒక్క మెట్టు వదిలేసిన పార్కులే తర్వాత కోర్టు మెట్లెక్కుతుంటాయి.

హద్దు తేలాక స్థలాన్ని మూడు అంతస్తులుగా చూడాలి. వంకను ఆనుకుని అడుగు భాగం, ఏటా మునిగేది. అక్కడ గడ్డి, పొదలు తప్ప కట్టడమేదీ ఉండకూడదు. దానికి రెండు మూడడుగుల పైన ఆటస్థలం, పెద్ద వానకు మునుగుతుంది. రోడ్డు మట్టానికి వాకింగ్‌ ట్రాక్, కరెంటు ప్యానల్, మరుగుదొడ్డి, బోరు మోటారు. పాత వరద ఎక్కడిదాకా వచ్చిందో పక్కిళ్ల గోడల మీద మరక ఇంకా కనబడుతుంది. ఆ మరకే ప్రమాణం. స్విచ్చు, జంక్షన్‌ బాక్సు ఏదైనా దానికి కనీసం రెండడుగుల పైన ఉండాలి. లైటు స్తంభానికి అడుగు ఎత్తులో బాక్సు బిగించడం మామూలైపోయింది. నీళ్లు చేరాక పిల్లాడు ఆ స్తంభం పట్టుకుంటే ఏమవుతుందో వివరించక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) లేని లైట్ల పనికి సంతకం పెట్టకూడదు.

తర్వాతి ఖర్చు గోడ. వంకకు కాంక్రీటు గోడ కడితే భద్రమని అందరికీ గట్టి నమ్మకం. కడపలో బుగ్గవంకకు 2001 వరద తర్వాత రక్షణ గోడల పని మొదలైంది, 2020 నవంబరులో వంక మళ్లీ నగరంలోకి వచ్చింది. గోడలు దండగని దీని అర్థం కాదు. గోడ ఎక్కడ ఆగితే నీళ్లు అక్కడ దూరతాయి. పైగా గోడ వెనక వీధుల్లో పడిన వాన వంకలోకి దిగే దారి మూసుకుపోతుంది. పార్కు దగ్గర చోటుంటే నిలువు గోడ బదులు ఒకటికి రెండు వాలులో గట్టు చెక్కి రాతి రివిట్‌మెంట్‌ (వాలు మీద రాళ్ల పరుపు) వేయడమే చవక, మన్నిక. వంక మలుపు తిరిగే చోట బయటి గట్టు కోసుకుపోతుంది, లోపలి గట్టున ఇసుక మేట వేస్తుంది. కాబట్టి రాయి బయటి వైపు వేయాలి, ట్రాక్‌ను అక్కడి నుంచి దూరంగా జరపాలి.

గోడ తప్పదనుకుంటే అది కూలే తీరు తెలిసి కట్టాలి. వరద నిండుగా ఉన్నప్పుడు గోడ సాధారణంగా పడదు. అటువైపు నీళ్లు ఇటువైపు మట్టి తోపుడును కాచుకుని ఉంటాయి. వంక ఒక్క పూటలో తగ్గిపోతుంది, గోడ వెనక తడిసిన మట్టిలో నీళ్లు మాత్రం దిగవు. ఆ బరువుకు గోడ మధ్యలో పొట్ట ముందుకొస్తుంది, రెండో రోజో మూడో రోజో ఎండ కాస్తుండగా పక్కకు ఒరుగుతుంది. దీనికి మందు వీప్‌ హోల్స్‌, అంటే గోడ వెనక నీటిని బయటికి వదిలే రంధ్రాలు. నాలుగంగుళాల పైపు ముక్కలు, మీటరున్నర నుంచి రెండు మీటర్లకు ఒకటి, వంక వైపు కొంచెం వాలుగా పెట్టాలి. వాటి వెనక అడుగు మందాన 40 మిల్లీమీటర్ల కంకర నింపాలి. పైపులుండి కంకర లేకపోతే ఒక్క సీజన్లో మట్టి పట్టి మూసుకుపోతాయి. చాలాచోట్ల బిల్లులో కంకర ఉంటుంది, గోడ వెనక ఉండదు. పూడ్చక ముందే కాలనీవాళ్లు ఫొటో తీసి పెట్టుకుంటే మంచిది.

కంచె విషయంలోనూ ఇదే. వంకకు అడ్డంగా ఇనుప జాలీ బిగిస్తే మొదటి వరదకే ప్లాస్టిక్‌ కవర్లు, కంపచెట్లు దానికి చిక్కి అదొక ఆనకట్ట అవుతుంది, ఆపై కూసాలతో సహా కొట్టుకుపోతుంది. కంచె ప్రవాహం వెంబడే సాగాలి, కింద అడుగున్నర ఖాళీ వదలాలి. పార్కు అందానికని వంకలో రెండడుగుల చెక్‌డ్యామ్‌ కట్టించే సరదా కూడా ఈ మధ్య పెరిగింది. ఊరి బయట చెక్‌డ్యామ్‌ భూగర్భజలానికి మేలే. ఊరి మధ్య అది ఆపేది మురుగును, పెంచేది ఎగువ కాలనీలో నీటి మట్టాన్ని.

ట్రాక్‌కు రంగు పేవర్ల కన్నా నాలుగంగుళాల గరుసు తడిపి దిమ్మిస చేసి, యాభైకి ఒకటి చొప్పున పక్కవాలు ఇస్తే చాలు. అంచులకు, కూర్చోడానికి మన తాడిపత్రి బండలున్నాయి. పాలిష్‌ చేయనివి వాడాలి, నున్నటి బండ తడిస్తే పెద్దవాళ్లు జారిపడతారు. పావు ఎకరా లాన్‌కు ఎండాకాలం రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున తడిచ్చినా అయిదు వేల లీటర్లు, అంటే రోజుకొక ట్యాంకర్‌. తాగునీటికి బిందెలు వరుసలో పెట్టే ఊళ్లో అది సబబు కాదు. అడుగు భాగంలో వట్టివేరు, రెల్లు, వావిలి గట్టును పట్టి ఉంచుతాయి. ఆటస్థలం చుట్టూ కానుగ, నేరేడు, ఏరుమద్ది, మేడి నాలుగు రోజులు నీళ్లలో నిలిచినా తట్టుకుంటాయి. వేప తట్టుకోదు, దాన్ని పైమెట్టు మీదే నాటాలి. రెండడుగుల గుంత, ఆరు మీటర్ల ఎడం, మొదటి రెండు వేసవుల్లో నాలుగైదు రోజులకు ఇరవై లీటర్లు. అంతకుమించి వీటికి సేవ అక్కర్లేదు.

ఇంత చేసినా మురుగును వదిలేస్తే పార్కులోకి ఎవరూ రారు. వాన లేని రోజుల్లో నగరంలోని వంకలో పారేది ఇళ్ల నీళ్లే. గేటుకు రంగులేయడానికి ముందే గట్టు వెంబడి ఒక పైపు వేసి ఆ నీటిని మళ్లించాలి. మ్యాన్‌హోళ్లు వంక అడుగున కట్టకూడదు, కడితే ఇసుక నిండి పొంగుతాయి. మురుగు మళ్లించే వరకు ఇంకుడుగుంతల జోలికి పోవద్దు, చుట్టుపక్కల బోర్లు చెడతాయి. వరద తగ్గాక గుంటల్లో నిలిచిన నీటిని మూడు రోజుల్లో వంకలోకి దించేయాలి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

పూడిక ఏడాదికి ఒకసారి, మే నెలలో తీయిస్తున్నారు. తీసిన మట్టి, చెత్త గట్టు మీదే కుప్పలుగా ఉంటాయి, జూన్‌ వానకు తిరిగి వంకలోకి జారతాయి. అసలు వానలొచ్చే సెప్టెంబరు నాటికి తుంగ, గుర్రపుడెక్క మళ్లీ కమ్మేస్తాయి. మే పనికి తోడు ఆగస్టు ఆఖర్లో ఇంకోసారి, చిన్న మొత్తంతోనైనా, టెండరు ఉండాలి. తీసిన పూడికకు కాక, గట్టు దాటించి డంపింగ్‌ యార్డులో దించిన లోడ్లకే బిల్లు రాయాలి.