శ్రుతి తప్పిన సార్టింగు

విజయనగరంలో వయొలిన్ మాస్టారింటి పైవాటాలో అద్దెకుంటే, విజయదశమి పొద్దున్న మెట్ల దగ్గర చెప్పుల గుట్ట దాటుకునే పాలప్యాకెట్టు తెచ్చుకోవాలి. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు మరి. ఆ రోజు పిల్లల చేత సరళీ స్వరాలు పట్టించాలని అందరికీ ఉబలాటమే.

పైన మా మేనల్లుడి సరస్వతీ పూజ లాప్‌టాప్‌లో జరుగుతోంది. ఇంజనీరింగ్ రెండో ఏడు. అల్గారిథమ్స్ పరీక్ష నెత్తి మీదుంది. పుస్తకం బుర్రకెక్కడం లేదని, బొమ్మల్లో చూపించే సాఫ్ట్‌వేర్ పట్టాడు. కుర్రచేష్ట అనుకున్నాను గానీ, 1981లోనే టొరంటో విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బేకర్ అనే ఆయన సార్టింగ్, అంటే అంకెల్ని వరసలో పేర్చే పద్ధతుల మీద అరగంట యానిమేషన్ సినిమా తీశాడట. చివర్లో తొమ్మిది పద్ధతులకీ పరుగు పందెం కూడానూ! మావాడు పట్టింది ఇంకా ఘాటు సరుకు: టీమో బింగ్‌మన్ రాసిన 'సౌండ్ ఆఫ్ సార్టింగ్'. తెర మీద అంకెలకి బదులు పొట్టీ పొడుగూ గీతలు చోట్లు మారుతుంటాయి. ముట్టుకున్న ప్రతి గీతా ఓ కూత కూస్తుంది. పొట్టిదైతే మంద్రం, పొడుగుదైతే తారస్థాయి.

"మావయ్యా, సౌండు రావట్లేదు" అంటూ వాల్యూం ఆఖరిదాకా తిప్పాడు.

వస్తూనే ఉంది. కింద, మాస్టారి హాల్లో.

మాస్టారి తంబురా శ్రుతి ఈమధ్య ఫోన్లోంచి బ్లూటూత్ స్పీకరుకి వెళ్తోంది. ఆ ఏర్పాటు చేసింది మావాడే. పనిచేస్తుందో లేదోనని ముందు తన లాప్‌టాప్‌తో కలిపి చూశాడు. స్పీకరు తొలి పరిచయం మరచిపోలేదు. మాస్టారు ఫోన్ మాట్లాడుకుంటూ వీధిలోకి నడవగానే లాప్‌టాప్‌ని పట్టుకుంది.

కొత్త శిష్యురాలు కమాను ఎత్తేసరికి బబుల్ సార్ట్ అందుకుందట. అది పక్కపక్క గీతల్ని పోల్చి పెద్దదాన్ని ముందుకు తోస్తూ పోతుంది. ఒక విడతకి అన్నిటికన్నా పెద్దది చివరికి చేరుతుంది, మళ్లీ మొదటికి. అంటే కుయ్‌కుయ్‌మంటూ పైకెక్కడం, దభీమని పడడం, మళ్లీ ఎక్కడం. పళ్లేల్లో బట్టలూ పళ్లూ తెచ్చినవాళ్లు లేచి నిలబడ్డారట. పైన మావాడు విసిగి క్విక్ సార్ట్ పెట్టాడు. అదీ వినబడక బోగో సార్ట్ నొక్కేసి ఉప్మాకి వెళ్లాడు.

ఈ బోగో సార్ట్‌కి పద్ధతంటూ లేదు. అంకెల్ని చిందరవందరగా కలిపేస్తుంది, వరసలో పడ్డాయేమో చూస్తుంది, పడకపోతే మళ్లీ కలిపేస్తుంది. పేకముక్కలు గాల్లోకి విసిరి, వరసగా రాలతాయని కూర్చునే బాపతు. పది అంకెలకే 36,28,800 వరసలున్నాయి మరి.

ఎదురింటామె ఆయాసపడుతూ మెట్లెక్కింది. "ఏటి బాబూ, మాస్టారింట్లో ఏటో దూరిపోనాది! తీగలు పీకేస్తన్నాది!"

పరిగెత్తాం. మాస్టారు హాల్లో కళ్లు మూసుకుని వింటున్నారు. మావాడు స్పీకరు మీదికి వంగబోతే చెయ్యెత్తి ఆపారు.

"మొదటిది వీధిలోంచే విన్నాను. నిదానమే గానీ సాధన ఉందిరా. ముగింపులో ఆరోహణ శుభ్రంగా పలికింది. రెండోదానికి వేగం తప్ప తాళం లేదు. ఇదెప్పటికి తెములుతుంది?"

"చెప్పలేం మాస్టారూ. అదృష్టం ఉంటే ఇప్పుడే. లేకపోతే..."

"తెలుసులే. నా దగ్గర ఒకడు ఎనిమిదేళ్లుగా ఇలాగే వాయిస్తున్నాడు."

గోడవార నిలబడ్డ ఒకాయన పళ్లెం కింద పెట్టి, "మావాడి గురించేనాండీ?" అన్నాడు సంబరంగా.