ఒసాకాకు ఒక పాయింటు, ఒంగోలుకు సున్నా

నెల్లూరు పట్టణంలో 11 మంది సభ్యులతో ఒక హామ్ రేడియో సంఘం (సొంత రేడియో సెట్లతో సరదాకొద్దీ లోకంతో మాట్లాడేవారిని హాములంటారు) నడుస్తున్నదన్న సంగతి ఆ 11 మందికీ, వారి డాబాల మీది యాంటెన్నా తీగలను చూసి జడుసుకునే ఇరుగుపొరుగుకూ తప్ప మరెవరికీ తెలియదు. ఈ సంఘం వల్ల లోకానికి ఒరిగేదేమిటని ఈమధ్య మా ఇళ్లలోనే ప్రశ్నలు తలెత్తుతున్నందున, సంఘ కోశాధికారిగా (కోశంలో ఏమీ లేనందువల్ల ఈ పదవికి నాకు పోటీ రాలేదు) వాస్తవాలను ప్రజల ముందు ఉంచవలసిన భారం నా మీద పడింది.

మేము ఏమి చేస్తామో చెప్పేముందు ఏమి చేయకూడదో చెప్పడం మేలు. కేంద్ర ప్రభుత్వం పరీక్ష పెట్టి, లైసెన్సు ఇచ్చి, వీయూ అక్షరాలతో మొదలయ్యే కాల్‌సైన్ (తరంగాల మీద మా పేరు అదే) చేతిలో పెట్టేటప్పుడే కొన్ని షరతులు విధిస్తుంది. ఆ తరంగాల మీద పాటలు వేయకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు. రాజకీయమూ మతమూ ఎత్తకపోవడం హాముల్లో పాతుకుపోయిన మర్యాద. పాట, బేరం, రాజకీయం, దేవుడు, ఈ నాలుగూ తీసేశాక ఒక తెలుగువాడు మరో తెలుగువాడితో మాట్లాడడానికి ఏమి మిగులుతుందన్నది మామూలు బుద్ధికి అందని ప్రశ్న. మా సంఘం ఏళ్ల తరబడి శ్రమించి దానికి జవాబు కనుక్కుంది. "నా మాట వినబడుతోందా?" అన్న ఒక్క విషయం మిగులుతుంది. మేము దాని గురించే మాట్లాడతాము.

దానికీ ఒక శాస్త్రం ఉంది. మాట ఎంత స్పష్టంగా ఉందో 5కు, ఎంత బలంగా ఉందో 9కి లెక్కగట్టి చెప్పాలి. రెండూ నిండుగా ఉంటే 59. కాగితం మీద 11 మొదలుకొని ఎన్నో మెట్లున్నా, వాడుకలో ఉన్నది చివరి మెట్టు ఒక్కటే. పెళ్లిభోజనం ఎలా ఉందని అడిగిన పెళ్లికూతురి తండ్రితో పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పే మనిషి మన జిల్లాలో ఎలా ఉండడో, "మీరు నాకు 43" అని చెప్పే హామ్ కూడా అలాగే ఉండడు. "మీరు 59, చాలా స్పష్టంగా ఉన్నారు, మీ కాల్‌సైన్ మళ్లీ చెప్పండి, ఒక్క ముక్కా అందలేదు" అన్నది మా అధ్యక్షులవారు రోజుకు పదిసార్లు పలికే వాక్యం.

ఈ విద్య పరాకాష్ఠను చూడాలంటే అక్టోబరు చివర్లో వచ్చే సీక్యూ వరల్డ్ వైడ్ అనే ప్రపంచ హాముల పోటీ నాడు రావాలి; ఎన్ని ఊళ్లను పలకరిస్తే అంత గొప్ప. మన గడియారంలో శనివారం తెల్లవారుజామున 5.30కి మొదలై 48 గంటలపాటు సాగే ఈ పోటీలో ప్రతి స్టేషనుకూ రిపోర్టు 59, హాములు గీసుకున్న ప్రపంచ పటంలో మన దేశం ఉన్న జోను సంఖ్య 22 చెప్పాలి. అంతకు మించి ఒక్క మాట అదనంగా పలికినా కాలహరణమే. కిందటి పోటీలో ఆదివారం మధ్యాహ్నానికి అధ్యక్షులవారి గొంతు బొంగురుపోయింది, కళ్లు చింతనిప్పులయ్యాయి. వారి శ్రీమతి చేపల పులుసూ అన్నమూ తెచ్చి ముందు పెట్టి, పులుపు సరిపోయిందా అని అడిగితే, ఆయన చెవుల మీది హెడ్‌ఫోను తీయకుండానే "59, 22" అన్నారు. ఆ మాటకు ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం కాఫీ మాత్రం రాలేదు.

ఆ పోటీలోనే ఒసాకా మాకు దొరికింది, ఒంగోలు దొరకలేదు. ఇందులో దైవలీల ఏమీ లేదు. 14 మెగాహెర్ట్జ్ తరంగం ఏటవాలుగా పైకెళ్లి, అయనోవరణానికి తగిలి, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో ఉన్న ఊళ్ల నెత్తిమీదుగా దాటిపోతుంది. పైగా ఆ పోటీ నియమాల ప్రకారం ఒసాకాకు ఒక పాయింటు, సొంత దేశంలోని ఒంగోలుకు సున్నా. కాబట్టి ఒంగోలులోని మా మిత్రుడితో మేము సెల్‌ఫోనులోనే మాట్లాడుకుంటాము. "ఇప్పుడు సెట్‌లో పిలిచాను, వినబడిందా?" అని అడుగుతాము. వినబడలేదని ఆయన ఫోనులో స్పష్టంగా చెబుతాడు.

వరసల విషయంలో మాత్రం మేము కొంత నష్టపోయామని ఒప్పుకోవాలి. బస్సులో పక్క సీటువాడిని సైతం బాబాయినో మామనో చేసుకునే గడ్డ మీద పుట్టి, హాములమయ్యాక ప్రతి మగవాడినీ "ఓల్డ్ మ్యాన్" అనీ, ప్రతి ఆడమనిషినీ "యంగ్ లేడీ" అనీ పిలవడం నేర్చుకున్నాము. 12 ఏళ్లు నిండితే లైసెన్సుకు అర్హత వస్తుంది గనుక, మీసం రాని కుర్రవాడు ముసలివాడవుతాడు, డెబ్బై ఏళ్ల బామ్మ పడుచుపిల్ల అవుతుంది.

మాట్లాడుకున్నట్టు రుజువుగా క్యూఎస్ఎల్ కార్డులు పంపుకుంటాము. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ ఎరిగిన నెల్లూరువారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కోరిక ఉన్నవాడు రొట్టె పట్టుకుంటాడు, తీరినవాడు ఇస్తాడు. తేడా ఏమిటంటే రొట్టె అక్కడికక్కడే చేతికందుతుంది, కార్డు వాటిని చేరవేసే బ్యూరోల చుట్టూ తిరిగి ఏళ్లకు చేరుతుంది.

2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6 రాకెట్టు మీద హాముల కోసం చేసిన 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహం ఎగిరినప్పుడు శ్రీహరికోట ఇంకా మా జిల్లాలోనే ఉండేది. సొంత జిల్లా నుంచి వెళ్లిన పిల్ల గనుక మాట్లాడి తీరాలని అధ్యక్షులవారు చేతిలో యాగీ యాంటెన్నా (ఎటు తిప్పితే అటే పలికేది) పట్టుకొని, అది తలమీదుగా దాటే పది నిమిషాలూ డాబా మీద గిరగిరా తిరిగారు. నీళ్ల ట్యాంకుకు తగలడం వల్ల మొదటి ప్రయత్నం ఫలించలేదు. 2014లో ఆ ఉపగ్రహం మూగబోయే నాటికి నాలుగుసార్లు పలకరించగలిగారు. నాలుగూ 59.

ఇక మా అసలు సమాధానం, అంటే ఇంట్లోవాళ్లు అడిగినప్పుడల్లా మేము చూపే బ్రహ్మాస్త్రం, తుపాను. ఫోన్లు మూగబోయిన చోట కూడా మా సెట్లు పలుకుతాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హామ్ యాత్రకని పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఉన్న భారతి ప్రసాద్ బృందం అండమాన్ నుంచి బయటి లోకానికి కబుర్లు అందించిన సంగతి మేము తడవకొకసారి గుర్తుచేస్తాము. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపానునూ ఎవరూ మరిచిపోలేదు. తుపాను రావాలని మేము కోరుకోవడం లేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. అయితే బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వార్తల్లో వినబడగానే అధ్యక్షులవారి ముఖంలో వచ్చే కళ వారి కూతురి పెళ్లినాడు కూడా నేను చూడలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా తీరాన్ని ఒరుసుకుంటూ బాపట్ల వైపు పోయినప్పుడు, మా వీధిలో కరెంటు పోయింది, ఆ వెనకే ఫోన్లూ పోయాయి. అధ్యక్షులవారు 12 వోల్టుల బ్యాటరీ తగిలించి, 7 మెగాహెర్ట్జ్ మీద పిలుపు మొదలుపెట్టారు. ఎత్తు చాలని తీగ నుంచి ఆ తరంగం నిటారుగా పైకెళ్లి, చుట్టుపక్కల జిల్లాల మీదే దిగుతుంది. ఎన్నడూ పలకని ఒంగోలు తొలిసారి పలికింది. ఇరుపక్షాలవారూ 59లు ఇచ్చిపుచ్చుకున్నాక, ఇక ఏమి మాట్లాడాలో తెలియక కాసేపు మౌనం పాటించారు.

అంతలో పక్కింటి పిన్నమ్మ గొడుగేసుకొని వచ్చింది. ఈవిడ మా తీగ కొసను దండెంగా వాడుకుంటున్న మనిషి. ఎస్‌డబ్ల్యూఆర్ (తీగ మీదికి పంపిన శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తున్నదో చెప్పే లెక్క) పెరగడానికి ఆవిడ తడిచీరే కారణమని అంతుపట్టక మేము వారం రోజులు కేబుళ్లు మార్చాము. "ఏందబ్బయ్యా, ఒంగోల్లో మా అమ్మాయి ఎట్టుండాదో కనుక్కోరాదా?" అన్నది. ఒంగోలు మిత్రుడు వానలో స్కూటరు మీద వెళ్లి, అరగంటకు తిరిగొచ్చి, అమ్మాయి క్షేమమనీ, అన్నం తింటున్నదనీ చెప్పాడు. పిన్నమ్మ కదల్లేదు. "ఏం కూరంటా?" అని అడిగింది. అధ్యక్షులవారు మైకు నొక్కి, "ఏం కూర? ఓవర్" అన్నారు. పిడుగుల చప్పుడులో జవాబు రెండుసార్లు కొట్టుకుపోయింది. మూడోసారి ఒంగోలు హాముల పద్ధతి ప్రకారం ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో మాట చొప్పున పలికింది: "గోల్ఫ్, ఆస్కార్, నవంబర్, గోల్ఫ్, యూనిఫాం, రోమియో, ఆల్ఫా."

గోంగూర అని విడమరచి చెప్పాక పిన్నమ్మ ముఖం తేటపడింది. గొడుగు తెరుచుకొని గడప దాటుతూ, "ఆ తీగ రవ్వంత కిందికి కట్టబ్బయ్యా, బట్టలేసేదానికి అందటంల్యా" అన్నది.