ఆకు బొమ్మ వేసిన కప్పు నీళ్ళలో కరగదు

ఇప్పుడే ఒకాయన నా కళ్ళ ముందే తాగేసిన కప్పును చెరువులోకి విసిరేశాడు. ఇదేంటండీ అంటే, "బయోడిగ్రేడబుల్, దానంతట అదే కరిగిపోతుంది" అని తిరిగి నాకే క్లాసు పీకాడు. ఒళ్ళు మండిపోయింది!

కరగడానికి అది ఉప్పుకల్లు కాదు. అలాంటిదే ఇంకో కప్పు తిరగేసి చూశాను. పక్కన అరచేయంత ఆకు బొమ్మ, అడుగున మాత్రం కళ్ళు చికిలిస్తేగానీ కనబడని అక్షరాల్లో పీఎల్‌ఏ అని. అదో రకం ప్లాస్టిక్, మొక్కల చక్కెర నుంచి చేస్తారు, నిజమే. అయినా అది కుళ్ళాలంటే 60 డిగ్రీల దాకా వేడి పుట్టే పెద్ద కంపోస్టు ప్లాంటు ఉండాలి, ఆ వేడికి, తేమకు దాని అణువుల పొడవాటి గొలుసులు తెగితేనే సూక్ష్మజీవులు తినగలవు. ఏ చెరువు అంత వేడిగా ఉంటుంది? చల్లటి నీళ్ళలో ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. పైగా నీటికన్నా బరువు కాబట్టి మునుగుతుంది. పాలిథిన్ సంచి తేలుతూ కళ్ళబడి మన పరువు తీస్తుంది, ఇది అడుగుకు పోతే మాత్రం కరిగిపోయిందని చేతులు దులుపుకుంటాం.

ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో చూపించారు, బయోడిగ్రేడబుల్ అని అమ్మిన సంచి 3 ఏళ్ళు సముద్రంలో ఉన్నాక కూడా సామాన్లు మోసింది! కంపోస్టబుల్, అంటే ఎరువుగా కుళ్ళుతుందని చెప్పే సంచి, సముద్రంలో 3 నెలలకే కనబడకుండా పోయింది, అదే సంచి మట్టిలో 27 నెలలైనా మిగిలే ఉంది. ఎక్కడ పడిందన్నదే అసలు సంగతి, ఆ ఒక్క ముక్కే ఎవడూ కప్పు మీద రాయడు.

మామూలు ప్లాస్టిక్‌ను నేనేమీ వెనకేసుకు రావట్లేదు. అది ఎండకు పెళుసుబారి ముక్కలై, ముక్కలు మళ్ళీ ముక్కలై, 5 మిల్లీమీటర్లలోపు మైక్రోప్లాస్టిక్‌గా చేపల కడుపుల్లో చేరుతోంది. అలా త్వరగా ముక్కలయ్యే మందు కలిపి అదేదో ఘనకార్యంలా అమ్మిన ఆక్సో రకాన్ని యూరప్ 2021లో నిషేధించింది, మంచి పని చేసింది.

అసలు నా కడుపుమంట ప్లాస్టిక్ సామాన్ల అడుగున నంబరుతో కనబడే ఆ బాణాల త్రికోణం మీద. 1988లో ప్లాస్టిక్ పరిశ్రమే తెచ్చిపెట్టింది. లోపలి నంబరు ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుందంతే, రీసైకిల్ అవుతుందని కాదు. అది చూసి ఎంతమంది ఎన్నేళ్ళు కడిగి, ఆరబెట్టి, వేరు చేసి పెట్టారు! ఈ పీఎల్‌ఏకి కూడా అదే త్రికోణం, లోపల 7, అంటే "ఇతరాలు". నమ్మి పెట్ సీసాల్లో, అంటే మామూలు ప్లాస్టిక్ నీళ్ళ సీసాల్లో కలిపితే ఆ సరుకూ పాడవుతుంది. నీళ్ళలో వేయొద్దు, సీసాల్లో కలపొద్దు అని ఆ ఆకు బొమ్మంత పెద్ద అక్షరాలతో రాయడానికి ఈ కప్పులు చేసేవాళ్ళకి నొప్పేంటి?