తాతకు దగ్గులు నేర్పే గేములు

వీడియో గేముల్లో ఆట ఎలా ఆడాలో నేర్పే మొదటి పాఠానికి, అంటే ట్యుటోరియల్‌కి దాన్ని దాటేసే స్కిప్ బటన్ ఉండాలా వద్దా అన్నది చాలా లోతైన ప్రశ్నట. గేములు తయారు చేసే పెద్దలు ఇందులో ఏళ్ల తరబడి మునకలేస్తున్నారు, ఇంకా అడుగు అందలేదు. మనలాంటి వాళ్లకి ఇది మోకాలి లోతు కూడా కాదు. కానీ పెద్దల మాట కాబట్టి గౌరవించి, నేనూ నవ్వకుండా మాట్లాడతాను. ఎంతసేపు అన్నది మాత్రం హామీ ఇవ్వలేను.

చేత్తో పట్టుకుని గేము ఆడే కంట్రోలర్ మీద ఎడమ స్టిక్ కదిపితే బొమ్మ నడుస్తుంది. కుడి స్టిక్ కదిపితే అటూ ఇటూ చూస్తుంది. కంట్రోలర్ ఒక్కసారి చేతిలోకి తీసుకున్న వాళ్లకి ఈ రెండు పరమ రహస్యాలూ కాసేపట్లో బోధపడిపోతాయి, మళ్లీ మరిచిపోదామన్నా కుదరదు. అయినా సరే, డబ్బు పోసి కొన్న ప్రతి కొత్త గేమూ మనల్ని కూర్చోబెట్టి మొదటినుంచీ ఓనమాలు దిద్దిస్తుంది. ఇదే కంపెనీ పాత గేములో, ఇవే బటన్లతో, ఇదే పాఠం పాసయ్యాం కదా అంటే ఆ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు.

యుద్ధం గేము ఏదైనా తీసుకోండి. పేరెందుకు, ఏది తీసుకున్నా ఇదే వరస. హీరో మామూలోడు కాదు, కమాండో. దవడ మీద కత్తి గాటు, గుండెల్లో పాత పగ. ఉద్యోగం మానేసి ఎక్కడో కొండల్లో కట్టెలు కొట్టుకుంటూ బతుకుతున్నవాణ్ణి, ప్రపంచాన్ని కాపాడగలిగేది నువ్వొక్కడివే అని సైన్యం బతిమాలి వెనక్కి తెచ్చుకుంది. ఇదంతా మొదటి వీడియోలో చెబుతారు. అది కూడా స్కిప్ అవ్వదు. వీడియో అయ్యాక మనవాడు హెలికాప్టర్ దిగుతాడు. నగరం తగలబడుతోంది. జనం అరుస్తున్నారు. కెప్టెన్ పరిగెత్తుకుంటూ వచ్చి, ఆ మహావీరుడి కళ్లలోకి చూసి, మొట్టమొదటి మాట చెబుతాడు: “సోల్జర్, నడవాలంటే ఎడమ స్టిక్ ముందుకి తొయ్యి.”

మనవాడు నాలుగు అడుగులు వేస్తాడు. “శభాష్!” అంటాడు కెప్టెన్, నిజంగానే పొంగిపోయి. ఇక అక్కణ్ణుంచి ఆయనకి ఉత్సాహం ఆగదు. ఆ దీపం వైపు చూడు. చూశాడు. ఇప్పుడు కింద చూడు. చూశాడు. వెనక ఓ వంతెన నీళ్లలోకి కూలిపోతుంది, దాన్ని ఇద్దరూ పట్టించుకోరు, ఎందుకంటే సిలబస్‌లో తర్వాతి అంశం నడుమెత్తు గోడ. గోడ దూకాలంటే ఏ బటన్ నొక్కాలో తెర మధ్యలో పెద్దక్షరాలతో పడుతుంది. గోడ పక్కన బోలెడు ఖాళీ ఉంది కదా అని అటు నుంచి వెళ్లబోతే గాల్లో ఏదో తగిలి ఆగిపోతాం. అక్కడ కనపడని గోడ కట్టారు. నగరంలో ఉన్న గోడలన్నీ శత్రువు ఫిరంగులకి కూలిపోయాయి గానీ, ఇదొక్కటి నిలబడింది. ఇంజనీర్లకి నా నమస్కారాలు.

తర్వాత వంగడం. సగం మూసుకున్న షట్టర్ కింద నుంచి వంగి అవతలికి వెళ్లాలి, వెళ్లాక లేచి నిలబడాలి, నిలబడడానికి మళ్లీ ఓ బటన్, దానికి మళ్లీ ఓ “శభాష్”. శత్రువులేరీ అంటారా? పక్క వీధిలో గుంపుగా నిలబడి ఉన్నారు పాపం. ఈయన వంగడం నేర్చుకునే దాకా లోపలికి అడుగు పెట్టకూడదని వాళ్లకి ఆర్డర్. ఆ తర్వాత తుపాకీ చేతికిస్తారు. “రీలోడ్ చెయ్యి” అంటాడు కెప్టెన్. అది నిండుగా ఉంది, రీలోడ్ అవ్వదు. కాబట్టి ఆకాశంలోకి ఓ గుండు కాల్చి, ఆ ఒక్క గుండు నింపి, పాఠం పూర్తి చేశాననిపించుకోవాలి. చివర్లో గ్రెనేడ్. నడివీధిలో, యుద్ధం మధ్యలో, మూడు చెక్క బొమ్మలు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటిని ఎవరు, ఎప్పుడు, ఏ లారీలో తెచ్చి పెట్టారో కథలో ఎక్కడా ఉండదు. నేనైతే గ్రెనేడ్ ఎప్పుడూ కెప్టెన్ కాళ్ల దగ్గరే వేస్తాను. పొగ తేలిపోయాక ఆయన చొక్కా కూడా నలగకుండా నిలబడి, “గురి చూసి విసురు సోల్జర్” అంటాడు. ఇంతటి మనిషి రెండో అధ్యాయంలో ఒకే ఒక్క తూటాకి చచ్చిపోతాడు, వెనక వయొలిన్ వాయిస్తారు, మనం ఏడవాలని. అంత ఆనందం ఆ గేములో నాకు మళ్లీ దొరకదు.

“దీపం వైపు చూడు” తంతు 2001లో వచ్చిన హేలో అనే యుద్ధం గేములోనూ ఉంది, న్యాయంగా చెప్పాలి. కానీ అక్కడ దానికో పని ఉంది. స్టిక్ పైకి తోస్తే పైకి చూడాలా, కిందకి చూడాలా అనే విషయంలో ఆటగాళ్లకి వేరువేరు అలవాట్లుంటాయి. మన అలవాటేదో తేల్చుకోడానికి ఆ పరీక్ష. అంటే అక్కడ నేర్చుకున్నది గేము, నేర్పింది మనం. ఆ తర్వాత వచ్చినవాళ్లు దీపాన్ని మాత్రం కాపీ కొట్టారు.

అసలు నేర్పడం చేతనైనవాళ్లు నోరెత్తరు. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. తెర మీద పాఠం ఒక్క ముక్క లేదు. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడి పక్కంతా ఖాళీ, కాబట్టి ఎవరైనా అటే వెళ్తారు. ఎదురుగా గూంబా అనే బుల్లి శత్రువు ఒకటి గునగునా నడుచుకుంటూ వస్తుంది. ఎగరకపోతే చస్తాం. చస్తే క్షణాల్లో మళ్లీ అక్కడే మొదలు, ఈసారి ఎగురుతాం. పైన ప్రశ్నార్థకం పెట్టె మెరుస్తుంటుంది, తలతో కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారుకుంటుంది, పోయి గొట్టానికి కొట్టుకుని తిరిగి మనమీదకే వస్తుంది. తినకుండా తప్పించుకోవడమే కష్టం. ఆ గేము డిజైనర్ షిగెరు మియమోటో, ఆయన తోటివాళ్లు కలిసి ఇదంతా లెక్కేసి పేర్చారు. ఆడినవాళ్లకి తాము పాఠం విన్నామనే తెలియదు. మన కెప్టెన్ గారు ఉండుంటే ఆ గూంబాని ఆపి, దాని జాతి, స్వభావం, ఎగరడంలోని మెళకువలు వివరించి, “మళ్లీ చెప్పనా?” అని అడిగేవాడు.

“మళ్లీ చెప్పనా?” నా వ్యంగ్యం కాదు. 1998 నాటి జెల్డా గేము, ఒకరినా ఆఫ్ టైమ్‌లో ఓ గుడ్లగూబ ఉంది. సుదీర్ఘంగా ఉపన్యసించి, చివర్లో అర్థమైందా, మళ్లీ చెప్పాలా అని అడుగుతుంది. బాణం గుర్తు ముందే ‘మళ్లీ చెప్పు’ వైపు పెట్టి ఉంటుంది. విసుగెత్తి బటన్ టకటకా నొక్కుతున్న మనిషి వేలు నేరుగా దానిమీదే పడుతుంది. మళ్లీ మొదలు. అదే వరసలో 2011లో వచ్చిన స్కైవర్డ్ స్వోర్డ్‌లో ఫై అనే తోడు పాత్రని పెట్టారు. కంట్రోలర్‌లో బ్యాటరీ తగ్గిందని కూడా ఆవిడే వచ్చి చెబుతుంది. ఆమె జోక్యం తగ్గించి ఆ గేముని మళ్లీ విడుదల చేసింది 2021లో. ఓ పాత్ర నోరు కాస్త మూయించడానికి పదేళ్లు పట్టింది.

ఈ విషయంలో మర్యాద తెలిసినవాడు నాకు కనిపించింది ఒక్కడే. 1996లో మొదలైన పోకెమాన్ తొలి గేములో దారి పక్కన ఓ ముసలాయన ఉంటాడు. పోకెమాన్‌ని, అంటే ఆ ఆటలోని వింత జంతువుని, ఎలా పట్టాలో చూపించే ముందు ఆయన మనల్ని ఓ మాట అడుగుతాడు: తొందర్లో ఉన్నావా? అవునంటే పొమ్మంటాడు. అంతే! అదే స్కిప్ బటన్, ముసలాయన రూపంలో. సరిగ్గా 20 ఏళ్ల తర్వాత అదే సిరీస్‌లో సన్, మూన్ వచ్చాయి. అందులో పట్టడం ఎలాగో ప్రొఫెసర్ గారు చేసి చూపిస్తారు, మన తొందర సంగతి అడగరు. ఈలోపు తాతకి దగ్గులు వచ్చో రావో అని అందరికీ అనుమానం మొదలైనట్టుంది.

అవతలి పక్షం వాదన కూడా వినాలి. కొత్తవాళ్లు ఉంటారండీ, వాళ్ల గతేంటి అంటారు. 2017లో కప్‌హెడ్ అనే గేము విడుదలకి ముందు ఓ గేముల జర్నలిస్టు దాని ట్యుటోరియల్లోనే ఇరుక్కుపోయి తంటాలు పడిన వీడియో బయటికొస్తే ఇంటర్నెట్ మొత్తం పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయనకి పాఠం కావాలి, ఇవ్వండి, కావలసినన్నిసార్లు ఇవ్వండి. పాఠం వద్దని ఎవరన్నారు? తలుపుకి బయట నుంచి గడియ ఎందుకు పెడుతున్నారని అడుగుతున్నాం. జాలి దయ లేని గేమని పేరు మోసిన డార్క్ సోల్స్ కూడా సూచనల్ని నేలమీద రాసి వదిలేసింది. కావాలంటే ఆగి చదువుకో, లేదంటే దాటుకుని పో. చంపడానికి వెనకాడని గేముకి ఉన్న సభ్యత మిగతావాటికి లేకపోయింది.

గడియ వల్ల నష్టం విసుగొక్కటే అయితే నవ్వి ఊరుకోవచ్చు. చాలా గేముల్లో ట్యుటోరియల్ అయ్యే దాకా సెట్టింగ్స్ తెరుచుకోవు. చెవులు వినపడని మనిషికి సబ్‌టైటిల్స్ కావాలి. చూపు తక్కువున్న మనిషికి అక్షరాలు పెద్దవి కావాలి. ఒక చెయ్యి సరిగ్గా పనిచెయ్యని మనిషికి బటన్లు మార్చుకోవాలి. ముందు పాఠం పూర్తి చెయ్యి, తర్వాత చూద్దాం అంటారు. వినపడని పాఠాన్ని ఎలా పూర్తి చేస్తారయ్యా? ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 వాళ్లు 2020లో 60కి పైగా ఇలాంటి సదుపాయాలు పెట్టి, కథ మొదలయ్యే ముందే అడిగారు. ఆకాశం విరిగి పడలేదు.

ఇక ఫోన్ గేముల సంగతి. ఇక్కడ నేను నవ్వకపోవడానికి ప్రయత్నం అక్కర్లేదు. తెరంతా చీకటి చేస్తారు. ఒక్క బటన్ మాత్రం వెలుగుతుంటుంది. దానిమీద తెల్లటి చెయ్యి ఒకటి ఎగిరెగిరి పడుతుంటుంది, ఇక్కడ నొక్కు, ఇక్కడ నొక్కు అని. వేరే ఎక్కడ నొక్కినా పనిచెయ్యదు. సౌండ్ ఆపుదామన్నా కుదరదు. ఇల్లు కట్టమంటుంది, కట్టడం మొదలుపెట్టగానే ఆగమంటుంది, టైమ్ పడుతుందట. వెంటనే మన చేతిలో నాలుగు వజ్రాలు పెట్టి, ఇవి ఖర్చు పెడితే ఇప్పుడే అయిపోతుంది అంటుంది. నేను ఆగుతాను, నాకేం తొందర లేదు అనడానికి బటన్ లేదు. వజ్రాలు ఖర్చు పెడితే తప్ప ఆ చెయ్యి వదలదు.

ఇది ఆట నేర్పడమా? ఆగడం చేతగాని వేలుని తయారు చెయ్యడం ఇది. ఇంకా కూడికలు సరిగ్గా రాని పిల్లల చేత, ఆట ఏంటో తెలియకముందే, ఓపిక పట్టడం తప్పు, కొనడం ఒప్పు అని పదేపదే నొక్కించి అలవాటు చేయిస్తున్నారు. ఆ నాలుగు వజ్రాలు అయిపోయాక తర్వాతివి అమ్మానాన్నల కార్డు నుంచి రావాలి, ఆ సంగతి పాఠంలో లేదు. పొరపాటున కొన్నది వాపసు ఎలా ఇవ్వాలో, రాత్రిపూట వచ్చే నోటిఫికేషన్లు ఎలా ఆపాలో, అకౌంట్ ఎలా తీసేయాలో చెప్పే తెల్ల చెయ్యి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూపించండి నాకు. సిగ్గుండాలి కొంచెం.

సరే, సూటిగా పనిలోకి వద్దాం. స్కిప్ బటన్ ఎక్కడ పెట్టాలో, ఎంత సైజులో పెట్టాలో డిజైనర్లకి తోచడం లేదని విన్నవిస్తున్నారు. చాలా తేలిక. ఆ ఫోన్ గేముల్లోనే పైన మూల మీద ‘షాప్’ అని ఓ బటన్ ఉంటుంది చూడండి. బంగారు రంగు, పక్కన ఎర్ర చుక్క, లోపల మెరుపులు. దాన్ని ఎలా నొక్కాలో ఇంతవరకూ ఎవరికీ పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు. స్కిప్ బటన్ కూడా సరిగ్గా అంతే పెట్టండి. ఎర్ర చుక్క కూడా ఉండాలి.