అది సమస్య కాదు సార్, మా ఇంటి సంగతి

పోయిన నెల తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటో ఎక్కి రేణిగుంట స్టేషన్‌కి పోతా ఉంటే ఊరికే మాటల్లో ఆటో అన్నని అడిగినా, మన దగ్గర పెద్ద సమస్య ఏందన్నా అని. ఒక్క క్షణం కూడా ఆలోచించలే. "అవినీతి సార్, ఎవురొచ్చినా తినేదే" అన్నాడు. స్టేషన్ చేరేలోపు రెండుసార్లు ఫోన్ మోగింది, రెండూ డైలీ ఫైనాన్స్ వాళ్లవే, తర్వాత ఆయనే చెప్పుకొచ్చినాడు, బావమరిది తాగి పనికి పోవడం లేదంట, చెల్లెలు పిల్లల్తో వీళ్లింట్లోనే ఉందంట, వీధిలో నీళ్లు రాకపోతే ట్యాంకర్‌కి అందరూ చందా వేసుకుంటారంట. మరి ఇవి సమస్యలు కావా అన్నా. "అయ్యి మా ఇంటి సంగతులు కదా సార్" అని నవ్వినాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. సర్వేలు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తా ఉంది.

ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సర్వే సంస్థ వాళ్లు 2018లో మన దేశంలో చేసిన సర్వేలో 76 శాతం మంది ఉద్యోగాలు లేకపోవడం చాలా పెద్ద సమస్య అన్నారు, ధరలు పెరగడాన్ని 73 శాతం అన్నారు. 2024 ఎన్నికల ముందు ఢిల్లీలో ఉండే లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు అడిగితే నిరుద్యోగం అన్నోళ్లు 27 శాతం, ధరలు అన్నోళ్లు 23 శాతం. అంటే ఆరేళ్లలో ఉద్యోగాలు కుప్పలుగా వచ్చేసినాయా? లేదు, ప్రశ్న మారింది, అంతే. మొదటోళ్లు లిస్టు ముందర పెట్టి ఒక్కోదాన్నీ ఇది ఎంత పెద్ద సమస్య అని విడివిడిగా అడిగారు, అట్లా అడిగితే ఎవరైనా అన్నీ పెద్దవే అంటారు. రెండోవాళ్లు ఓటేసేటప్పుడు నీకు అన్నిటికంటే ముఖ్యమైంది ఏదో ఒకటి చెప్పు అన్నారు. రెండుసార్లూ మొదటి రెండు జవాబులు అవే వచ్చినాయి కాబట్టి ఆ సర్వేలు తప్పని నేను అనట్లేదు. కానీ టీవీ డిబేట్‌లో ఈ 76ని పట్టుకుని ఒకాయన, ఆ 27ని పట్టుకుని ఇంకొకాయన కొట్టుకుంటా ఉంటే మాత్రం నవ్వొస్తుంది.

నాకు అసలు పేచీ లిస్టులో లేని వాటితోనే. మన తిరుపతినే తీసుకోండి. 2021 నవంబర్‌లో వానకి ఊరు మునిగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించినారు, ఆ వారం ఎవర్ని కదిలించినా చెరువులు పూడ్చి ప్లాట్లు వేసినారు, కాలవలు మింగేసినారు అనే మాటే. ఎండాకాలం వచ్చేసరికి ఆ మాట ఎత్తినోడు లేడు. 2024 సెప్టెంబర్‌లో లడ్డూ నెయ్యి గొడవ, ఇంక ఊళ్లో వేరే సమస్యే లేనట్టు అయిపోయింది (నేను కూడా ఏం తక్కువ తినలేదు, రోజుకి పది ఫార్వార్డులు పంపినా). 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు, అప్పుడు జవాబు క్యూలైన్లు. ఇవి చిన్న విషయాలని కాదు, ప్రాణాలు పోయినాయి. కానీ వీటికి ఒక తేదీ ఉంది, ఫోటో ఉంది, తిట్టడానికి ఎదురుగా ఒకరున్నారు. వీధి కుళాయిలో నీళ్లు రాకపోవడానికి తేదీ ఏముంటుంది, కల్యాణి డ్యాం నిండిందా, తెలుగుగంగ నీళ్లు వదిలినారా అని అడగడం కూడా మానేసి ట్యాంకర్ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకున్నాం.

ఇంకా దూరం పోనక్కర్లేదు, చిత్తూరు దాటి బంగారుపాళ్యం పోయి అడిగితే 2025 సీజన్లో తోతాపురి మామిడి తప్ప వేరే మాట ఉండదు. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, గవర్నమెంటు 4 రూపాయలు కలిపి 12 అన్నారు, ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి కాయలు కుళ్లిపోతా ఉంటే కొంతమంది రోడ్డు మీద పారబోసినారు. అక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న మనకి ఆ రోజుల్లో అది సమస్యగా అనిపించిందా అంటే, మామిడికాయలు చవగ్గా దొరికినాయి అనుకున్నాం.

ఇంటి సంగతి ఊరి సమస్య ఎప్పుడవుతుంది? దీనికి మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంటే జవాబు. 1990లో టీకొట్టు దగ్గర మగవాళ్లని పదిమందిని అడిగుంటే ఒక్కడైనా సారా పెద్ద సమస్య అనేవాడా? ఇళ్లల్లో ఆడవాళ్లకి మొగుడు తాగొచ్చి కొట్టడం తలరాత, బయటికి చెప్పుకుంటే పరువు పోతుంది. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట అందరూ ఒకచోట కూర్చుని సారా గురించి పాఠం చదువుకుంటే, ఓహో నీ ఇంట్లోనూ ఇదేనా అని ఒకరికొకరు అనుకున్నారు, 1992లో సారా అంగళ్ల మీదికి పోయినారు. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేసినారు, అది వేరే కథ. తాగుడు అంతకుముందు తక్కువేం లేదు, అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ మారినారు.

అప్పుల సంగతీ అంతే. మైక్రోఫైనాన్స్ కంతులు కట్టలేక ఆత్మహత్యలు వరసగా పేపర్లలోకి ఎక్కిన తర్వాతే 2010 అక్టోబర్‌లో ఆ కంపెనీలకి కళ్లెం వేస్తా ఆర్డినెన్స్ వచ్చింది. అప్పటిదాకా అది ఆ ఇల్లాలి చేతగానితనం. ఇప్పుడు లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్‌లో ఉన్న కాంటాక్టులందరికీ మెసేజీలు పెడతామని బెదిరిస్తున్నారు, మళ్లీ అదే సిగ్గు, మళ్లీ నోరు మూసుకోవడం.

పెళ్లిళ్లు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది, దేశం మొత్తం మీద చూస్తే అది 23.3. మనం వెనకబడ్డ రాష్ట్రాలని ఎగతాళి చేసేవాళ్లం కదా! అయినా పెద్ద సమస్య ఏందంటే బాల్యవివాహాలు అన్నవాళ్లు నాకైతే ఒక్కరూ తగల్లేదు. అనరు కూడా, ఎందుకంటే ఆ పెళ్లికి భోజనానికి పోయొచ్చింది మనమే.

అందుకే నేనీ మధ్య సమస్య ఏందని అడగడం మానేసినా. మా వీధి మొగదాల పూలమ్మే అక్కని ఒకరోజు, ఏం సమస్యలక్కా అంటే "ఏముంది నాయినా, అంతా బాగానే ఉండాది" అంది. ఇంకోరోజు, నిన్న దేనికి అప్పు చేసినావక్కా అని అడిగినా. పూలు కట్టే చెయ్యి ఆపి చాపమీద జరిగి కూర్చోమంది, అరగంట లేవలేకపోయినా.